నది వెంట దిగితేనే తెలిసేది



1923 ఆగస్టు మొదటి వారం. అమెరికాలో కొలరాడో నది మీద, గ్రాండ్ కాన్యన్ లోయ అడుగున, కొందరు సర్వేయర్లు చెక్క పడవల్లో దిగువకు వెళుతున్నారు. ఆనకట్టలకు అనువైన చోట్లు వెతికి కొలిచి రమ్మని అక్కడి ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ వాళ్ళను పంపింది. నాయకుడు క్లాడ్ బర్డ్‌సై. సామాన్లలో ఒక రేడియో సెట్టు కూడా ఉంది. రేడియో అప్పటికింకా పసిబిడ్డ. అంత లోతున, రాతి గోడల మధ్యకు దాని తరంగాలు చేరవని తెలిసినవాళ్ళే అనేవారు. రాత్రి మజిలీలో తీగ కట్టి వింటే, అధ్యక్షుడు హార్డింగ్ చనిపోయాడన్న వార్త స్పష్టంగా వినబడింది. పైన కూర్చుని వేసిన అంచనా తప్పని తేలడానికి ఎవరో కొందరు అడుగుదాకా దిగి, అక్కడే రాత్రి ఉండి, చెవి ఒగ్గి వినవలసి వచ్చిందన్నమాట. నదుల విషయంలో ఇది రేడియోకే పరిమితమైన సంగతి కాదని నా వాదన. ఒక రేవులో నిలబడి కొలిస్తే అక్కడి నీటి మట్టం తెలుస్తుంది. నది తెలియాలంటే మాత్రం నీటితో పాటు దిగుతూ, గట్టున మజిలీలు చేస్తూ, మజిలీ మజిలీకి నమూనాలు తీస్తూ పోవాలి. అదీ ఒక్కసారి కాదు, ఏళ్ళ తరబడి అదే దారిలో. తెప్ప మీద సాగే శాస్త్ర యాత్రను నేను రవాణా ఏర్పాటుగా చూడను. నా దృష్టిలో అదొక కొలత పరికరం.

ఈ మాటకు రుజువు వెతకడానికి కొలరాడో కంటే మంచి నది దొరకదు. లీస్ ఫెర్రీ అనే పాత రేవు నుంచి గ్రాండ్ కాన్యన్ చివరిదాకా నది పొడవు 446 కిలోమీటర్లు. లోయ లోతు చాలా చోట్ల కిలోమీటరున్నర. లీస్ ఫెర్రీ దాటాక మళ్ళీ నీటి అంచుదాకా బండి వచ్చే దారి కనబడేది సుమారు 360 కిలోమీటర్ల దిగువన, హువాలపాయ్ తెగ భూముల్లో ఉన్న డైమండ్ క్రీక్ దగ్గరే. ఈ మధ్యలో ఎవరికి ఏం కావాలన్నా నడిచి దిగాలి, గాలిలో దిగాలి, లేదా నీటి మీద రావాలి. అందుకే ఫ్లాగ్‌స్టాఫ్ పట్టణంలో ఉన్న గ్రాండ్ కాన్యన్ పర్యవేక్షణ, పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు ఏటా పలుమార్లు గాలి నింపిన రబ్బరు తెప్పలెక్కి వారాల తరబడి దిగువకు పోతుంటారు. తెప్ప నడిపే సరంగులు వేరే ఉంటారు. రాళ్ళ మీద నీళ్ళు విరుచుకుపడే ఉరవడుల్లోంచి తెప్పను దాటించడం వాళ్ళ విద్య. తడవకూడనివన్నీ సైన్యం తూటాలు దాచుకునే ఇనప డబ్బాల్లో పెడతారు. మూత బిగిస్తే చుక్క నీరు పోదు. కొలత యంత్రాలు, వలలు, సీసాలు, పద్దు పుస్తకాలు, బియ్యం, పిండి, పొయ్యి, అన్నీ తెప్ప మీదే. మనుషుల మలం సైతం డబ్బాల్లో నింపి, చివరి రేవుదాకా మోసుకుపోవాలి. లోయలో వదలకూడదన్నది నియమం.

ఇలాంటి ప్రయాణాలకు ఆద్యుడిగా అందరూ తలుచుకునేది జాన్ వెస్లీ పావెల్‌ను. అంతర్యుద్ధంలో ఒక చేయి పోగొట్టుకున్న మనిషి. 1869 మే 24న తొమ్మిది మందితో, నాలుగు పడవలతో వయోమింగ్ నుంచి బయలుదేరాడు. దారిలో ఒక పడవ బద్దలైంది. అందులోని బారోమీటర్లు పోతే ఎత్తుపల్లాల లెక్కలన్నీ పోయినట్టే కనుక, మనుషులు ప్రాణాలకు తెగించి ఆ పడవ ముక్కలోంచి వాటిని బయటికి తెచ్చారు. పనిలో పనిగా దొంగచాటున తెచ్చుకున్న విస్కీ పీపాను కూడా రక్షించుకున్నారనుకోండి. తిండి పాడైంది. ఒకడు మధ్యలోనే సెలవు తీసుకున్నాడు. ఇంకో రెండు రోజుల్లో లోయ దాటుతారనగా ముగ్గురు భయపడి గోడలెక్కి పోయి, పైన చంపబడ్డారు. ఆగస్టు నెలాఖరుకు లోయ దాటింది ఆరుగురే. ఇక్కడ నాకొక పేచీ ఉంది. ఈ కథను శాస్త్ర విజయంగా చెప్పుకుంటారు కానీ, ఆకలితో పరుగులాంటి ఆ ప్రయాణంలో కొలతలు అంతంతమాత్రమే. పటాలూ ఫొటోలూ, నమ్మదగిన ఎత్తుల లెక్కలూ వచ్చింది 1871, 72లలో ఆయనే నడిపిన రెండో యాత్రలో. పావెల్ తన 1875 నివేదికలో రెండు యాత్రలనూ కలిపి మొదటిదే అన్నట్టు రాసి, రెండోసారి వెంట వచ్చినవాళ్ళ పేర్లు కూడా ఎత్తలేదు. జనానికి మొదటిదే గుర్తుండిపోయింది. నిజానికి మొదటి ప్రయాణం సాహసం. శాస్త్రం రెండో ప్రయాణంతో మొదలవుతుంది.

రెండోసారి వెళ్ళేదాకా మొదటిసారి తెచ్చిన దాని విలువ తెలియదు. 1889, 90లలో రాబర్ట్ స్టాంటన్ అనే ఇంజనీరు నది గట్టు వెంట రైలు మార్గం వేయవచ్చునేమో చూడటానికి వెళ్ళాడు. మొదటి విడతలో కంపెనీ అధ్యక్షుడే మునిగి చనిపోయాడు. తేలియాడే చొక్కాలు వాళ్ళ దగ్గర లేవు. రైలు రాలేదు. రైలు కోసం తీసిన ఫొటోలు మాత్రం మిగిలాయి, నాలుగు వందలకు పైగా. నూరేళ్ళ తర్వాత రాబర్ట్ వెబ్ అనే జలశాస్త్రవేత్త తోటివాళ్ళతో తెప్పల మీద వెళ్ళి, అవే రాళ్ళ మీద కెమెరా నిలిపి, అవే దృశ్యాలు మళ్ళీ తీశాడు. రెండు ఫొటోలూ పక్కపక్కన పెడితే, గట్టు పైభాగంలో కొన్ని ముళ్ళ చెట్లు నూరేళ్ళుగా అవే కొమ్మలతో నిలబడి ఉన్నాయి. ఒకప్పుడు ఏటి వరద ఊడ్చిపెట్టిన కింది ఇసుకలో మాత్రం ఇప్పుడు పొదలు కమ్ముకున్నాయి. కొన్ని పక్క వాగుల మూతుల దగ్గర బండరాళ్ళ గుట్టలు కొత్తగా వచ్చి పడ్డాయి. రైలు పట్టాల కోసం తీసిన బొమ్మ నదీ చరిత్రకు సాక్ష్యమవుతుందని స్టాంటన్ కలలో కూడా అనుకుని ఉండడు.

1938లో మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి ఎల్జాడా క్లోవర్, లోయిస్ జోటర్ అనే ఇద్దరు వృక్షశాస్త్రవేత్తలు ఈ నదిలో దిగారు. క్లోవర్ పాఠాలు చెప్పే అధ్యాపకురాలు, జోటర్ పరిశోధక విద్యార్థిని. నార్మన్ నెవిల్స్ అనే పడవవాడు ప్లైవుడ్‌తో చేసిన మూడు పడవలు వాళ్ళ వాహనాలు. పత్రికలన్నీ ఆడవాళ్ళు ప్రాణాలతో బయటపడతారా లేదా అన్న దాని మీదే రాశాయి. వాళ్ళేమో మజిలీ చేరగానే మొక్కలు కోసి, కాగితాల మధ్య పరిచి, చెక్క పలకల మధ్య బిగించి, తడి కాగితాలు తీసి పొడివి వేసే పనిలో ఉండేవాళ్ళు. ఆ పని చేసేదీ వాళ్ళే, చాలా పూటల వంట చేసేదీ వాళ్ళే. వంట వాళ్ళ మీదే పడటం గురించి ఆనాటి పత్రికలకు పట్టింపే లేదు. ఆ మొక్కల జాబితా 1944లో అచ్చయింది. పైన పెద్ద ఆనకట్ట కట్టకముందు ఈ లోయ పొడవునా చేసిన సమగ్రమైన మొక్కల పద్దు దాదాపు అదొక్కటే. ఏ మొక్క ఆనకట్ట తర్వాత వచ్చింది, ఏది ముందునుంచీ ఉన్నది అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా శాస్త్రవేత్తలు ఆ జాబితా దగ్గరికే వెళ్ళాలి. 1994లో పాత తరం పడవవాళ్ళను, యాత్రికులను పోగుచేసి, మునుపటి నది ఎలా ఉండేదో చెప్పమని శాస్త్రవేత్తలు తెప్పల మీద తీసుకువెళ్ళినప్పుడు, వాళ్ళలో ఎనభై ఏళ్ళ లోయిస్ జోటర్ కూడా ఉంది.

ఆ ఆనకట్ట పేరు గ్లెన్ కాన్యన్. ఎత్తు 216 మీటర్లు. 1963 మార్చిలో గేట్లు మూశారు. అంతకుముందు ఏటా సగటున 5.7 కోట్ల టన్నుల ఒండ్రు, ఇసుక లీస్ ఫెర్రీ దాటి పోయేవి. నది పేరుకే ఎర్రనిదని అర్థం. ఇప్పుడు లీస్ ఫెర్రీ దగ్గర నీళ్ళు అడుగు కనబడేంత తేటగా, పచ్చగా ఉంటాయి. వేసవిలో ఒకప్పుడు 25 డిగ్రీలు దాటే నీరు, జలాశయం లోతుల్లోంచి రావడంతో ఏళ్ళ తరబడి 10 డిగ్రీల అటూ ఇటూగా ఉండిపోయింది. మంచు కరిగే కాలంలో వచ్చే పెద్ద వరద పోయి, దాని బదులు విద్యుత్ గిరాకీని బట్టి పగలు పెరిగి రాత్రి తగ్గే రోజువారీ పోటు వచ్చింది. లోయలో ఇసుక తిన్నెలు ఏటికేడాది కరిగిపోతున్నాయి. తెప్ప మీద వెళ్ళేవాళ్ళు రాత్రి పడుకునేది ఆ తిన్నెల మీదే. అంటే ఇక్కడ శాస్త్రవేత్త పడకా, పరిశోధన వస్తువూ ఒకటే. నిరుడు పది మంది పడుకున్న చోట ఈ ఏడాది అయిదుగురికే చోటుంటే, అదీ ఒక కొలతే. ఉత్తర అరిజోనా విశ్వవిద్యాలయం వాళ్ళు 1990 నుంచి దాదాపు 45 తిన్నెలను సర్వే యంత్రాలతో కొలుస్తూనే ఉన్నారు.

ఆ కొలతల విలువ 1996లో బయటపడింది. ఆ ఏడాది మార్చి 26 నుంచి వారం రోజుల పాటు, ఆనకట్టలోంచి 45,000 క్యూసెక్కులు వదిలి కృత్రిమ వరద తెప్పించారు. ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేసేదే పది లక్షల క్యూసెక్కుల దగ్గర కనుక, ఈ అంకె మన గోదావరివాళ్ళకు నవ్వు తెప్పిస్తుంది. అయితే ఇరుకు లోయలో పారే నదికి అది తక్కువేం కాదు. వరద వెనక ఉన్న ఆలోచన ఇది: ఆనకట్ట దిగువన కలిసే పరియా, లిటిల్ కొలరాడో వాగులు తెచ్చే ఇసుక ఏళ్ళుగా నది అడుగున పేరుకుని ఉంటుంది, ఆ ఇసుకను వరద లేపి గట్టున పోస్తుంది. వరద తర్వాత చూస్తే తిన్నెలు నిజంగానే ఎత్తు పెరిగాయి. పత్రికలు విజయమన్నాయి. తెప్పల మీద తిన్నె తిన్నెకూ ఆగి నీటి పైభాగమూ నీటి కింది భాగమూ కొలిచి, ఇసుక రేణువుల పరిమాణం చూసినవాళ్ళకు మాత్రం లెక్క తేలలేదు. పెరిగిన ఇసుక నది అడుగు నుంచి వచ్చింది కాదు. ఎక్కువ భాగం ఎగువ తిన్నెల కింది అంచుల్నే కోసి తెచ్చింది. ఏళ్ళ తరబడి పోగైందనుకున్న నిల్వ అసలు లేనే లేదు. వాగులు తెచ్చిన ఇసుక కొన్ని నెలల్లోనే కొట్టుకుపోతోంది. అందుకని 2004 నవంబరులో పద్ధతి మార్చి, పరియా వాగు వరద ఇసుక తెచ్చిన వెంటనే, కేవలం 60 గంటల పాటు నీళ్ళు వదిలారు. 2012 నుంచి ఆ నియమమే విధానంగా మారింది: ముందు వాగు ఇసుక తేవాలి, ఆ తర్వాతే వరద. కోట్ల రూపాయల తప్పు అంచనా సరిదిద్దబడింది గట్టు మీద కాళ్ళు పెట్టి కొలిచినందువల్ల. దూరం నుంచి తీసిన ఫొటోలో ఆ తిన్నె పెద్దదై కనబడింది, అంతే.

నా వాదనకు అసలు బలం మాత్రం ఇసుకలో లేదు, పురుగుల్లో ఉంది. 2012 నుంచి గ్రాండ్ కాన్యన్‌లో తెప్పలు నడిపే సరంగులు, వాళ్ళ వెంట వచ్చే యాత్రికులు శాస్త్రవేత్తలకు ఒక చిన్న పని చేసిపెడుతున్నారు. సాయంత్రం మజిలీ చేరాక, పొద్దు గుంకిన తర్వాత, నీటి అంచున ఒక ప్లాస్టిక్ డబ్బా పెడతారు. అందులో కొంచెం ఆల్కహాలు పోసి, డబ్బా అంచున ఊదారంగు గొట్టం దీపం ఒకటి ఆనించి, గంట సేపు వెలిగిస్తారు. నీళ్ళలోంచి రెక్కలొచ్చి లేచిన పురుగులు వెలుగుకు వచ్చి డబ్బాలో పడతాయి. గంట కాగానే దీపం ఆర్పి, పురుగులను ఆల్కహాలుతో సహా సీసాలోకి ఒంపి, సీసా మీద తేదీ, మజిలీ ఉన్న మైలు, దీపం వెలిగించిన వేళ రాసి, తూటాల డబ్బాలో పెడతారు. వంట అవుతుండగానే పని ముగుస్తుంది. ఇలా పోగైన సీసాలు రెండున్నర వేలు దాటాక, టెడ్ కెనడీ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు వాటిని మైలు వారీగా పేర్చి చూశారు. ఎక్కువగా పడింది మిడ్జ్ అనే, దోమలా కనబడే కుట్టని చిన్న పురుగు. లోయ పొడవునా ఆ మిడ్జ్‌ల సంఖ్య ఒక చోట పెరిగి, కొన్ని మైళ్ళు పోయాక తగ్గి, మళ్ళీ పెరిగి, మళ్ళీ తగ్గి, అలలాగా సాగింది. తిండి వల్లా కాదు, వేడి వల్లా కాదు. మరి ఆ అల ఎక్కడిది?

ఆనకట్ట నుంచి వచ్చినదే. పగలు కరెంటు కోసం వదిలిన పోటు నీరు ఒక్కసారిగా లోయంతటా పెరగదు, దిగువకు గంటల తరబడి ప్రయాణిస్తుంది. కాబట్టి ఒక మైలు దగ్గర సందెవేళకు నీరు బాగా పైకి ఉంటే, మరో మైలు దగ్గర అదే సందెవేళకు బాగా తగ్గి ఉంటుంది. ఈ నీటి పురుగులు గుడ్లు పెట్టేది సందెవేళ, నీటి అంచున. పోటు మీద గుడ్లు పెట్టిన చోట, కొన్ని గంటల్లో నీరు దిగి గుడ్లు రాళ్ళ మీద ఎండిపోతాయి. నీరు తగ్గి ఉన్నప్పుడు గుడ్లు పెట్టిన చోట, తర్వాత నీరు పెరిగినా గుడ్లు తడిగానే ఉంటాయి. సందెవేళకు నీరు తగ్గి ఉండే మైళ్ళలో మిడ్జ్‌లు ఎక్కువ, పెరిగి ఉండే మైళ్ళలో తక్కువ. లెక్క కుదిరింది. నీటి అంచున గుడ్లు పెట్టే మేఫ్లై, స్టోన్‌ఫ్లై, కాడిస్‌ఫ్లై అనే నీటి పురుగుల జాతులు ఇలాంటి నదుల్లో మామూలుగా పుష్కలంగా ఉండవలసినవి, ఇక్కడ దాదాపు లేకపోవడానికి కూడా కారణం దొరికింది. 2016లో ఈ పరిశోధన అచ్చయింది. 2018 మే నుంచి ఆగస్టు దాకా, కరెంటు గిరాకీ తక్కువగా ఉండే శని, ఆదివారాల్లో నీటిని తగ్గించి నిలకడగా వదిలారు, వారానికి రెండు రోజులైనా పెట్టిన గుడ్లు తడిగా ఉండాలని. తొలి ఏడాదే కాడిస్‌ఫ్లైల సంఖ్య పెరిగింది. ఇప్పుడు ఆలోచించండి. ఒక రేవులో పదేళ్ళు కూర్చుని పురుగులు లెక్కపెట్టినా ఈ సంగతి బయటపడేదా? ఆ రేవులో మిడ్జ్‌లు ఎక్కువో తక్కువో తెలిసేది, అంతే. నీటితో పాటు దిగుతూ, ప్రతి రాత్రి వేరే మైలు దగ్గర, అదే సందెవేళకు, అదే దీపం వెలిగించినందువల్లే అల కనబడింది. మజిలీ చేయక తప్పని అవసరమే ఇక్కడ పరిశోధన పద్ధతి అయింది.

దీనికి మొదట వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. ఉపగ్రహాలు, డ్రోన్లు, పావుగంటకొకసారి అంకెలు పంపే సెన్సార్లు ఉన్న రోజుల్లో ఇంకా తెప్పలెక్కి పోవడం ఏమిటి, ఇది శాస్త్రం పేరుతో విహారం కాదా అంటారు. సగం న్యాయమైన ప్రశ్నే. నీటిలో ఎంత ఒండ్రు ఉందో శబ్ద తరంగాలతో రాత్రింబవళ్ళు కొలిచే యంత్రాలు గ్రాండ్ కాన్యన్‌లోనే ఉన్నాయి. ఆ పని మనిషి చేయలేడు. కానీ ఆ యంత్రం చెప్పే అంకె సరైనదో కాదో తెలియాలంటే, అదే నీటిని సీసాలో పట్టి, ఆరబెట్టి, తూచి చూడాలి. సీసా పట్టడానికి ఎవరో నీటి మీదికి వెళ్ళాలి. 2000లో విమానం నుంచి లేజరు కిరణాలతో లోయలోని నీటి మట్టం మొదటి నుంచి చివరిదాకా కొలిచారు. అద్భుతమైన పని. అయితే ఆ కొలతలు ఏం చెబుతున్నాయో తెలిసింది 1923లో బర్డ్‌సై బృందం పడవల మీద తీసుకొచ్చిన నీటి మట్టాల పక్కన పెట్టినప్పుడే. పక్క వాగులు తెచ్చిపోసిన బండరాళ్ళ వల్ల చాలా చోట్ల ఉరవడుల ఎగువ నీటి మట్టం పైకి లేచిందని, నది పల్లమంతా ఉరవడుల దగ్గర మరింత పోగుపడుతోందని అప్పుడే తేలింది. విమానానికి నిన్న ఏముందో తెలియదు. ఆనకట్టల కోసం వెళ్ళి, రేడియో వింటూ కొలిచినవాళ్ళు డెబ్బై ఏడేళ్ళ తర్వాతి విమానానికి అర్థం ఇచ్చారు.

చేపల విషయంలో ఆకాశం చూపు అసలే పనికిరాదు. హంప్‌బ్యాక్ చబ్ అనే వీపు గూని చేప కొలరాడో నదీ వ్యవస్థలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. 1967 నుంచి అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో ఉంది. దాన్ని వలలో పట్టి, పొడవు కొలిచి, ఒంట్లో బియ్యపు గింజంత చిప్ అమర్చి, మళ్ళీ నీళ్ళలో వదలాలి. మరోసారి అదే చేప చిక్కితే ఎంత పెరిగిందో, ఎంత దూరం పోయిందో తెలుస్తుంది. లిటిల్ కొలరాడో కలిసే చోటే దాని ముఖ్య స్థావరమని దశాబ్దాలు అనుకున్నారు. గత దశాబ్దంలో దిగువన, లోయ పడమటి కొసలో, ఎవరూ ఆశించని చోట ఆ చేపలు పెద్ద సంఖ్యలో వలల్లో పడటం మొదలైంది. ఉన్నచోటనే వెతుకుతుంటే లేదనుకున్న చోట ఉన్నది ఎప్పటికీ కనబడదు. 2021లో ఆ చేపను ప్రమాద జాబితాలో ఒక మెట్టు కిందికి దించగలిగారంటే ఆ వలల పుణ్యం కూడా ఉంది. మరుసటి ఏడాదే ఆనకట్ట దిగువన స్మాల్‌మౌత్ బాస్ అనే పరాయి వేటచేప పిల్లలు దొరికాయి. ఆ కబురూ వలే తెచ్చింది.

రెండో అభ్యంతరం నాకు మొదటిదాని కంటే బరువైనదిగా తోస్తుంది. కొలవడానికి వెళ్ళినవాడు కొలిచే చోటును చెడగొట్టడా? ఏటా ఇరవై వేల మందికి పైగా విహారయాత్రికులు దిగే లోయలో కొద్దిమంది శాస్త్రవేత్తల వల్ల పెరిగే భారం తక్కువే అని సమాధానం చెప్పవచ్చు, చెబుతారు కూడా. జూనీ తెగవారు లేవనెత్తిన ప్రశ్నకు మాత్రం ఆ జవాబు చాలదు. 2003 నుంచి 2006 దాకా చబ్ చేపను కాపాడటానికి, లిటిల్ కొలరాడో కలిసే చోట, పరాయి జాతి ట్రౌట్ చేపలను నీటిలో కరెంటు పెట్టి పట్టి తొలగించారు. జూనీలకు అది పవిత్ర క్షేత్రం. నీటి జీవులు వాళ్ళకు బంధువులు. ఒక ప్రాణిని బతికించడానికి ఆ చోట ఇన్ని ప్రాణులను తీయడం తమకు కీడని వాళ్ళు గట్టిగా చెప్పారు. ఆ మాట విన్న తర్వాత చంపకుండా తరలించే దారులు వెతకవలసి వచ్చింది. ఇది శాస్త్రానికి అడ్డంకి అని గొణిగినవాళ్ళున్నారు. నేనలా అనుకోను. నదిని వేల ఏళ్ళుగా చూస్తున్న మనుషుల మాట కూడా నమూనాయే, దాన్ని సీసాలో పట్టలేకపోయినంత మాత్రాన పక్కన పెట్టకూడదు. జూనీ, హోపీ, నవాహో, హువాలపాయ్ తెగలవారు ఇప్పుడు తమ పవిత్ర స్థలాల, మొక్కల స్థితి చూడటానికి తామే తెప్ప యాత్రలు చేస్తున్నారు.

ఇక డబ్బు. దీని మీద ఎక్కువసేపు అక్కరలేదు. 1992లో వచ్చిన గ్రాండ్ కాన్యన్ రక్షణ చట్టం తర్వాత ఏర్పడిన ఈ పర్యవేక్షణ కార్యక్రమానికి ఖర్చు ప్రధానంగా ఆనకట్ట అమ్మే కరెంటు ఆదాయం నుంచే వస్తోంది. నదిని మార్చినవాడే నది సంగతి కనుక్కోవాలన్నది న్యాయమైన ఏర్పాటు.

ఈ మాటలు మన నదులకు ఎంతవరకు వర్తిస్తాయి? కొలరాడో ఎడారి నది, గోదావరి వానాకాలపు నది. పోలికకు హద్దులున్నాయి. ఒక సంగతి మాత్రం రెండిటికీ ఒకటే. ఎగువ ఆనకట్టలు ఒండ్రును ఆపితే దిగువ నేల కరుగుతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన హేమమాలిని, నాగేశ్వరరావు గార్లు 2004లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ధవళేశ్వరం చేరే ఒండ్రు 1970లతో పోలిస్తే 1990ల నాటికి సగానికి బాగా తక్కువకు పడిపోయింది, డెల్టా ముఖం దగ్గర సముద్రం నేలను కోసుకుపోతోంది. ఇది ఒక స్టేషన్ లెక్కలూ, ఉపగ్రహ చిత్రాలూ కలిపి సాధించిన విలువైన ఫలితం. ఒండ్రు మధ్యలో ఎక్కడ ఆగుతోంది, ఏ లంక ఏ ఏడాది ఎంత కోసుకుపోయింది, ఏ మేట ఎక్కడ కొత్తగా పడింది, ఇసుక తవ్విన చోట నది అడుగు ఎంత దిగింది, ఏటికి ఎదురీది వచ్చే పులస ఆనకట్ట కింద ఏ మడుగుల్లో ఆగుతోంది, ఈ ప్రశ్నలకు జవాబు ఒక రేవులో దొరకదు. భద్రాచలం నుంచి అంతర్వేది దాకా నీటి మీద పోతూ, ప్రతి ఏడాది వరద తీసిన తర్వాత అవే చోట్ల ఆగి కొలిస్తే దొరుకుతుంది. జాలర్లకు వీటిలో సగం జవాబులు ఇప్పటికే తెలిసి ఉంటాయి. వాళ్ళను పడవ నడపడానికే కాక, పద్దు రాయడానికి కూడా పక్కన కూర్చోబెట్టుకోవాలి. ప్రమాదం మాటేమిటంటారా, 2019లో కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదాన్ని ఎవరూ మరిచిపోలేరు. వరద రోజుల్లో దిగకపోవడం, తేలియాడే చొక్కా లేకుండా ఎవర్నీ ఎక్కించకపోవడం ఇక్కడ మొదటి రెండు నియమాలు కావాలి.

కొలరాడోవాళ్ళకు ఈ రోజుకీ తీరని లోటు ఒకటుంది. 1963కు ముందు లోయలో ఏ పురుగులుండేవి, ఏ చేప ఎక్కడ గుడ్లు పెట్టేది అన్న దానికి చెప్పుకోదగ్గ పద్దు లేదు. గేట్లు మూసిన తర్వాత మొదలుపెట్టిన లెక్కకు ముందు పేజీ ఖాళీ. ఎంత ఖర్చు పెట్టినా ఇప్పుడు దాన్ని నింపలేరు. మనకు పాపికొండల మధ్య గోదావరి ఇరుకు దారి ఉంది. దాని కొసన పోలవరం కడుతున్నారు. జలాశయం పూర్తి మట్టం 45.72 మీటర్లు. ప్రాజెక్టు కావాలా వద్దా అన్న వాదన ఈ ప్రసంగం పని కాదు. కావాలన్నవాళ్ళకూ వద్దన్నవాళ్ళకూ రేపు వాదించడానికి ఒకే పద్దు ఉండాలి, ఆ పద్దు నీరు నిండిన తర్వాత రాసేది కాకూడదు. మన విశ్వవిద్యాలయాల భూగర్భ, జంతు, వృక్షశాస్త్ర శాఖలు, నీటిపారుదల శాఖ, నది ఒడ్డు కాలేజీల విద్యార్థులు కలిసి ఒక ప్రయాణం మొదలుపెట్టాలి. తిన్నెలు కొలిచే గుంజలు, నీటి సీసాలు, వలలు, సందెవేళ వెలిగించే ఒక దీపం, వీటికి పెద్ద నిధులు అక్కరలేదు. ఆ నీటి మట్టం 45.72కు చేరకముందే మొదటి ప్రయాణం పూర్తి కావాలి, మరుసటి ఏడాది రెండోది బయలుదేరాలి.